జెర్సీ సరిపోయే వేళకు

మా అబ్బాయి ఎనిమిదో పుట్టినరోజుకు నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఎర్ర జెర్సీ కొన్నాం. వీపు మీద 15 అంకె, దాని పైన రయోలా అన్న పేరు. ఎదిగే పిల్లలకు ఏది కొన్నా రెండు సైజులు పెద్దది కొనడం మన ఇళ్ళలో ఆచారం కనుక మా ఆవిడ దీన్నీ అలాగే కొన్నది. 2024 సీజనంతా అది వాడి మోకాళ్ళ మీద వేలాడింది. 2025లో కాస్త పైకి వచ్చింది. మొన్న జనవరి నాటికి భుజాలూ చేతులూ కుదిరి, కొలతలిచ్చి కుట్టించినట్టు సరిపోయింది. సరిగ్గా ఆ నెలలోనే ఆ జెర్సీ వాడు, బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ డిలన్ రయోలా, కాలేజీ మారదలచిన ఆటగాళ్ళు పేరు రాసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ గుండా ఒరెగాన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు. ఒక శుక్రవారం పొద్దున బడికి తయారవుతూ వాడు జెర్సీ చేత్తో పట్టుకుని వచ్చి, "ఇది ఇంకా వేసుకోవచ్చా నాన్నా?" అని అడిగాడు. నా చేతిలో కాఫీ చల్లారిపోయింది కానీ జవాబు తోచలేదు.

నాకు జవాబు తోచకపోవడం సిగ్గుపడవలసిన సంగతే. ఒమాహాలో మా ఆఫీసులోని తెలుగువాళ్ళు భోజనాల వేళ క్రికెట్ స్కోర్లు చూసుకుంటుంటే నేను టెక్సాస్‌లో ఏదో పల్లె హైస్కూల్లో పదకొండో తరగతి చదివే లైన్‌మన్ (ముందు వరసలో ఢీకొనే భారీ ఆటగాడు) ఎత్తెంత, బరువెంత, ఏయే కాలేజీలు చూసి వచ్చాడు అన్నవి చదువుకుంటూ ఉంటాను. ఇది పిచ్చి అని మా ఆవిడ అంటుంది, కాదని నేనెప్పుడూ వాదించలేదు. పదహారేళ్ళుగా ఏటా డిసెంబరులో కాబోయే ఆటగాళ్ళ పట్టిక చూసి పొంగిపోవడం, నవంబరులో ఉన్న ఆటగాళ్ళ ఆట చూసి నీరుగారిపోవడం నాకు అలవాటైపోయాయి. రయోలా వెళ్ళిపోయాక ఈ పదహారేళ్ళ లెక్కను మళ్ళీ మొదటి నుంచి వేసుకుంటే, నేను చూడవలసిన పట్టిక వేరే ఉందనీ, ఇన్నాళ్ళూ తప్పు పట్టిక చదువుతూ వచ్చాననీ అనిపించింది. ఎవరొస్తున్నారన్న పట్టిక అందరి దగ్గరా ఉంటుంది. మూడో ఏట కూడా ఎవరున్నారు, ఎందుకున్నారు అన్న పట్టికను మాత్రం అభిమానులమెవరం రాసుకోం.

మా ఇంటికి వచ్చిన పీఆర్వో

హైస్కూలు ఆటగాళ్ళను కాలేజీలు తమ జట్టుకు ఏరి తెచ్చుకోవడాన్ని ఇక్కడ రిక్రూటింగ్ అంటారు. అదేమిటో నాకు అమెరికా నేర్పలేదు. 2003 వేసవిలో పదో తరగతి ఫలితాలు వచ్చిన మూడో రోజున రేపల్లె దగ్గర మా ఊరికి ఒక కార్పొరేట్ కాలేజీ పీఆర్వో మోటారుసైకిల్ మీద వచ్చాడు. నాకు 600కు 556 వచ్చాయి. ఆ సంగతి అతనికి మా మేనమామల కంటే ముందే తెలిసింది. అమ్మ కాఫీ ఇచ్చింది. అతను అరుగు మీద కూర్చుని, సంచిలోంచి రంగురంగుల కరపత్రం తీసి, నిరుడు తమ కాలేజీకి వచ్చిన ర్యాంకులను వేలితో చూపిస్తూ, "మీవాడు ఈ వరసలో ఉండాల్సినవాడండీ, ట్యూషను ఫీజు మాకక్కర్లేదు, హాస్టలు ఖర్చు మాత్రం కట్టండి చాలు" అన్నాడు. నాన్న మాటిచ్చారు. రెండు రోజుల తర్వాత ఇంకో కాలేజీ పీఆర్వో వచ్చి హాస్టలు కూడా సగమే అన్నాడు. నాన్న మొదటి మాట పక్కనపెట్టి నన్ను ఆ రెండో కాలేజీలో చేర్చారు.

ఒక కాలేజీకి మాటిచ్చిన, అంటే కమిట్ అయిన, పిల్లాడు చివరి వారంలో మనసు మార్చుకోవడాన్ని ఇక్కడ ఫ్లిప్ అంటారు. పదిహేడేళ్ళ కుర్రాడు ఫ్లిప్ అయినప్పుడల్లా "మాట మీద నిలబడని తరం" అని విసుక్కునే అభిమానుల్లో నేనూ ఒకణ్ణి. నన్ను మా నాన్న ఫ్లిప్ చేయించిన సంగతి అలా విసుక్కునే వేళ ఎన్నడూ గుర్తు రాలేదు.

ఆ కాలేజీలో నన్ను మొదట టాప్ సెక్షన్లో వేశారు. ఆదివారం పరీక్షల్లో మార్కులు జారుతూ వచ్చేసరికి సంక్రాంతి సెలవుల నాటికి మూడు సెక్షన్లు కిందకు దిగాను. కింది సెక్షన్లకు పాఠం చెప్పే లెక్చరర్లు వేరు, ఇచ్చే మెటీరియల్ వేరు, చివరికి ఫ్యాన్ల సంఖ్య కూడా వేరు. రెండేళ్ళ తర్వాత పత్రికలో పేజీ నిండా వేసిన ర్యాంకుల ప్రకటనలో మొదటి వరస ముఖాలన్నీ టాప్ సెక్షన్ వాళ్ళవే. ఆ ర్యాంకులు కాలేజీ చదువు చెప్పడం వల్ల వచ్చాయా, లేక ఎలాగూ తెచ్చుకోగలవాళ్ళను ముందే ఏరి తెచ్చుకోవడం వల్ల వచ్చాయా అన్నది మన తెలుగునాట ప్రతి తల్లిదండ్రులూ ఒక్కసారైనా అడుక్కున్న ప్రశ్న. కాలేజీ ఫుట్‌బాల్‌లో తెల్లవార్లూ సాగే వాదమంతా కూడా ఇదే. ఒక జట్టు గెలుస్తున్నది ఆటగాళ్ళను తయారుచేసుకోవడం వల్లనా, తయారైన వాళ్ళను ఏరుకోవడం వల్లనా?

స్టార్‌ల లెక్క

తయారుచేసుకోవడమే గొప్ప అని వాదించడం నాలాంటి నెబ్రాస్కా అభిమానికి సులువు, ఎందుకంటే ఏరుకునే భాగ్యం మాకు తక్కువ. రాష్ట్రం మొత్తం జనాభా దాదాపు 20 లక్షలు; టెక్సాస్‌లో దానికి పదిహేను రెట్ల జనం ఉన్నారు. అయినా ఈ వాదాన్ని మనసుకు నచ్చింది కదా అని ఒప్పేసుకోలేను. హైస్కూలు పిల్లలకు రెండు నుంచి ఐదు దాకా స్టార్‌లు వేసే సంస్థలను మేం ఎంత ఎగతాళి చేసినా, గత నాలుగేళ్ళలో చేర్చుకున్న వాళ్ళలో సగానికి పైగా నాలుగు, ఐదు స్టార్‌ల వాళ్ళున్న జట్లే జాతీయ ఛాంపియన్‌లవుతాయన్న సూత్రం చాలా ఏళ్ళపాటు తప్పకుండా నిలిచింది. దాన్ని బ్లూ చిప్ నిష్పత్తి అంటారు. అలబామా, జార్జియా, ఒహాయో స్టేట్ అలాగే గెలిచాయి. పదో తరగతి మార్కులు అబద్ధం చెప్పనట్టే స్టార్‌లు కూడా పెద్దగా అబద్ధం చెప్పవు. ఒక్కొక్క పిల్లాడి విషయంలో తప్పుతాయి, గుంపు మీద చూస్తే నిజమవుతాయి.

అయితే మా స్టేడియంలోనే ఈ లెక్క తిరగబడటం కూడా చూశాను. నెబ్రాస్కాలోనే పుట్టి, 1997లో మా జట్టును ఛాంపియన్‌షిప్ దాకా నడిపిన క్వార్టర్‌బ్యాక్ స్కాట్ ఫ్రాస్ట్, కోచ్‌గా సెంట్రల్ ఫ్లోరిడాను 2017లో అజేయంగా నిలిపి ఇంటికి వచ్చినప్పుడు మా విశ్వవిద్యాలయం ఉన్న లింకన్‌లో పండగ చేసుకున్నారు. అతను తెచ్చిన మొదటి మూడు తరగతులూ (ఒక్కో ఏట చేర్చుకునే కొత్త ఆటగాళ్ళ గుంపును తరగతి అంటారు) దేశంలో మొదటి పాతిక లోపలే ఉన్నాయి. 2022 సెప్టెంబరులో అతన్ని తీసేసే నాటికి జట్టు 16 గెలిచి 31 ఓడింది. 2021లో 3 గెలిచి 9 ఓడిన జట్టు మాది. ఆ తొమ్మిదింటిలో ఒక్కటి కూడా తొమ్మిది పాయింట్లకు మించిన తేడాతో ఓడింది కాదు. ప్రతి శనివారం అంగుళం దూరంలో ఓడిపోవడం ఎలా ఉంటుందో చెప్పాలంటే, ఇంటర్వ్యూ దాకా వెళ్ళి వెనక్కి వచ్చే గ్రూప్ వన్ అభ్యర్థిని అడగాలి. ఫ్రాస్ట్ తెచ్చిన వాళ్ళలో అందరికంటే చురుకైన వాన్‌డేల్ రాబిన్సన్ మొదట సొంత రాష్ట్రం కెంటకీకి మాటిచ్చి మా వైపు ఫ్లిప్ అయ్యాడు; రెండు సీజన్లు ఆడి మళ్ళీ కెంటకీకే వెళ్ళి, అక్కడి నుంచి వృత్తి ఆటగాళ్ళ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కొత్తవాళ్ళను ఎంచుకునే రెండో రౌండులో ఎంపికయ్యాడు. అతనికి మేం ఏమీ నేర్పలేదని అనను. నేర్పిందేదో పక్కవాడికి పనికొచ్చింది.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే ఇంకో లెక్క కనిపిస్తుంది. నేను ఎంఎస్ చదవడానికి లింకన్‌లో దిగింది 2009 ఆగస్టులో. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట అనుకునే రోజులు. ఆ డిసెంబరు 5న రూమ్మేట్లతో కలిసి, కుక్కర్‌లో పప్పు ఉడుకుతుండగా, అప్పట్లో మా జట్టు ఆడే బిగ్ 12 లీగ్‌లో టెక్సాస్‌తో జరిగిన ఫైనల్ చూశాను. ఎన్‌డామకాంగ్ సూ అనే ఒక్కడు అవతలి క్వార్టర్‌బ్యాక్‌ను నాలుగున్నర సార్లు నేల కరిపించాడు. ఆట అయిపోయిందని మావాళ్ళు మైదానంలోకి పరుగెత్తాక గడియారంలో ఒక్క సెకను వెనక్కి పెట్టారు. ఆ ఒక్క సెకనులో ఫీల్డ్ గోల్ (బంతిని కంబాల మధ్యకు తన్నే మూడు పాయింట్ల గోల్) కొట్టి టెక్సాస్ 13-12తో గెలిచింది. కుక్కర్ కూత ఎవరికీ వినిపించలేదు, పప్పు మాడిపోయింది. నేను ఆ రాత్రి నుంచే ఈ జట్టు వాణ్ణయ్యాను.

సూని ఒరెగాన్ రాష్ట్రం నుంచి తెచ్చింది 2005లో, అప్పటి కోచ్ బిల్ కాలహాన్. ఆ ఏటి తరగతి దేశంలో మొదటి ఐదింటిలో ఒకటి. ఆ పంట కోతకు రాకముందే, 2007లో 5 గెలిచి 7 ఓడినందుకు కాలహాన్‌ను పంపేశారు. సూ మాత్రం ఉన్నాడు. తర్వాతి కోచ్ బో పెలీని చేతి కింద ఐదో ఏట, అంటే నేను చూసిన ఆ సీజన్‌లో, దేశంలోనే మేటి ఆటగాడయ్యాడు. విత్తిన వాడొకడు, కోసుకున్న వాడొకడు. పిల్లలు కాలేజీలతో ఒప్పందాల మీద సంతకం చేసే రోజున పట్టిక చదివి కాలహాన్‌ను పొగిడినవాళ్ళు తప్పు చదవలేదు, కానీ ఆ పట్టిక నిజమవడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ ఆ కుర్రాడు లింకన్ వదిలి పోలేదు.

మూడో ఏడాది కోసం

కొత్త కోచ్ మ్యాట్ రూల్ 2022 నవంబరులో వచ్చినప్పుడు మాకు ఒక మంత్రం దొరికింది. టెంపుల్ విశ్వవిద్యాలయంలో అతని మొదటి మూడేళ్ళ గెలుపు ఓటములు 2-10, 6-6, 10-4. బేలర్‌లో 1-11, 7-6, 11-3. మూడో ఏడాది అన్న మాట ఒమాహా కిరాణా కొట్లలో కూడా వినిపించేది. ఇక్కడ మొదటి ఏడాది 5-7 అయితే ఎవరూ కంగారుపడలేదు. రెండో ఏడాది 7-6తో ముగిసి, ఎనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి బౌల్ మ్యాచ్ (సీజన్ చివర బాగా ఆడిన జట్లకు దక్కే ఆట) ఆడి, న్యూయార్క్‌లో బోస్టన్ కాలేజీని 20-15తో ఓడిస్తే మేం సంబరపడ్డాం. మూడో ఏడాది, 2025, మళ్ళీ 7-6.

రయోలా ఈ మంత్రానికి నడుమ ఉన్నాడు. అతని తండ్రి డొమినిక్ మా జట్టులో సెంటర్ ఆడినవాడు. ఈ కుర్రాడు 2022లో ఒహాయో స్టేట్‌కు, 2023లో జార్జియాకు మాటిచ్చి, ఆ డిసెంబరులో మా వైపు తిరిగిన ఐదు స్టార్‌ల క్వార్టర్‌బ్యాక్. మిసోరీ నదికి అవతల అయోవాలో కాపురముండి రోజూ వంతెన దాటి ఆఫీసుకొచ్చే నా సహోద్యోగి ఒకాయన ఆ రోజున నా బల్ల దగ్గరికి వచ్చి, "రెండు ఊళ్ళు మార్చి మీ ఊరొచ్చాడు, సంతోషం. నాలుగో ఊరికి ఎప్పుడు వెళ్తాడు?" అని అడిగాడు. అసూయ అనుకున్నాను. 2025 నవంబరు 1న సదరన్ కాలిఫోర్నియాతో ఆటలో రయోలా కాలి ఎముక విరిగింది, ఆ తర్వాత అతను మా జెర్సీలో ఆడలేదు. నా సహోద్యోగి మాత్రం మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అయోవా మమ్మల్ని 40-16తో మా ఊళ్ళోనే ఓడించాక ఇక ఎత్తవలసిన అవసరం ఉండదు కదా.

మూడో ఏడాది మంత్రం ఎందుకు పారలేదని ఆలోచిస్తే నాకొక కారణం తోస్తుంది. టెంపుల్‌లో, బేలర్‌లో మొదటి ఏడాది చావుదెబ్బలు తిన్న పిల్లలే మూడో ఏడాది తిరిగి కొట్టారు. ఒక ఆటగాడు కాలేజీ మారితే ఏడాదిపాటు ఆడకుండా కూర్చోవాలన్న నియమం అప్పట్లో ఉండేది. 2021లో ఒకసారి మారడానికి ఆ నియమం తీసేశారు. 2024 నుంచి ఎన్నిసార్లు మారినా అడ్డు లేదు. ఇప్పుడు మొదటి ఏడాది జట్టుకూ మూడో ఏడాది జట్టుకూ పేరొక్కటే, లోపలి మనుషులు వేరు. మ్యాట్ రూల్ 2025లో వసంతకాలపు ప్రదర్శన మ్యాచ్‌నే మానేశాడు; టీవీలో చూపిస్తే ఇతర జట్లు చూసి మా పిల్లలకు ఫోన్లు చేస్తున్నాయన్నది అతని గోడు. పంట బాగుంటే దిష్టి తగులుతుందని పొలం గట్టున దిష్టిబొమ్మ నిలబెట్టినట్టే ఉంది ఇది. మూడేళ్ళ ఓపికను అమ్ముకునే కోచ్‌కు ఇప్పుడు మూడేళ్ళు ఉండే పిల్లలు కావాలి. వాళ్ళను సంపాదించడమే అసలు రిక్రూటింగ్ అని నా వాదం.

బ్లూమింగ్‌టన్ దెబ్బ

ఈ వాదాన్ని నిలువునా కోసే ఉదాహరణ ఒకటుంది. 2024 అక్టోబరు 19న ఇండియానా తన ఊరు బ్లూమింగ్‌టన్‌లో మమ్మల్ని 56-7తో ఓడించింది. అప్పటికి 700కు పైగా ఓటములు మూటగట్టుకున్న జట్టది. ఆ రోజు మా ఇంట్లో నాలుగు తెలుగు కుటుంబాల వాళ్ళు బిర్యానీకి వచ్చారు. మూడో క్వార్టర్ మధ్యలో నేనే టీవీ కట్టేసి, అంత్యాక్షరి ఆడదామన్నాను. ఫుట్‌బాల్ పట్టని వాళ్ళు కూడా నా ముఖం చూసి పాట ఎత్తుకున్నారు.

ఆ జట్టు కోచ్ కర్ట్ సిగ్నెటి అక్కడికి వచ్చి ఏడాది కూడా కాలేదు. కుర్రాళ్ళను మీ వైపు ఎలా ఒప్పిస్తారని అడిగితే, "నేను గెలుస్తాను, గూగుల్ చేసి చూసుకోండి" అన్న మనిషి. అతను మూడేళ్ళ ఓపిక అడగలేదు. మొదటి ఏడాది 11 గెలిచాడు, రెండో ఏడాది 16కు 16 గెలిచి 2026 జనవరి 19న మయామీని 27-21తో ఓడించి జాతీయ ఛాంపియన్ అయ్యాడు. బ్లూ చిప్ నిష్పత్తి ఆ రాత్రితో చెల్లని నోటు అయింది. దేశంలో మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ బహుమతి గెలిచిన అతని క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా ఒక దశలో యేల్‌కు మాటిచ్చి, చివరికి కాలిఫోర్నియాకు వెళ్ళి, అక్కడ ఆడి, పోర్టల్ గుండా 2025లో ఇండియానా చేరిన కుర్రాడు. నిలిచిన వాళ్ళే జట్టును కడతారన్న నా మాట దీని ముందు నిలుస్తుందా?

చాలా రోజులు నిలవదనే అనుకున్నాను. తర్వాత ఆ జట్టు పేర్లు ఒక్కొక్కటీ చూశాను. సిగ్నెటి జేమ్స్ మాడిసన్ అనే చిన్న విశ్వవిద్యాలయం నుంచి వస్తూ అక్కడి ఆటగాళ్ళను దాదాపు డజను మందిని వెంట తెచ్చుకున్నాడు. లైన్‌బ్యాకర్ ఐడెన్ ఫిషర్, కార్నర్‌బ్యాక్ డిఏంజెలో పాండ్స్, రిసీవర్ ఎలైజా సరాట్, డిఫెన్స్‌లో మికైల్ కమారా, వీళ్ళంతా 2023లో అక్కడా, 2024, 2025లలో ఇండియానాలోనూ అతని దగ్గరే ఆడారు. అంటే మూడో ఏడాది లెక్క వాళ్ళకూ వర్తించింది, కాకపోతే మొదటి ఏడాది వేరే ఊళ్ళో గడిచింది. వాళ్ళు అంటిపెట్టుకున్నది ఊరిని కాదు, గురువును. వాదంగా చూస్తే ఇది నాకు ఊరటే కానీ, అభిమానిగా నాకు గుచ్చుకునేది కూడా ఇదే. నేను మాత్రం ఊరిని అంటిపెట్టుకున్నవాణ్ణి. కోచ్ వెళ్ళిపోతే నేను వెంట వెళ్ళలేను. 1962 నవంబరు నుంచి మెమోరియల్ స్టేడియంలో ఒక్క ఆటకు కూడా టికెట్లు మిగలలేదని మేం గొప్పగా చెప్పుకుంటాం. ఓడినా గెలిచినా నిండే స్టేడియం ఉన్నప్పుడు గెలవాలన్న తొందర ఎవరికి ఉంటుందని నా అయోవా మిత్రుడు ఒకసారి అడిగాడు. ఆ ప్రశ్నకు నేను కోపం తెచ్చుకోవడం తప్ప ఏమీ చెప్పలేకపోయాను.

గాజు జ్ఞాపిక

ఇంకొక అనుమానం నా సొంత బతుకులోంచే వచ్చింది. నేను ఒక కంపెనీలో ఏడేళ్ళు పనిచేశాను. ఐదేళ్ళు నిండినప్పుడు అందరి ముందు నిలబెట్టి, విధేయతకు గుర్తుగా ఒక గాజు జ్ఞాపిక ఇచ్చారు. చప్పట్లు కొడుతున్న తెలుగువాళ్ళందరికీ తెలుసు, నాకూ తెలుసు, అది విధేయత కాదు, హెచ్‌వన్‌బీ. గ్రీన్‌కార్డు దరఖాస్తు మధ్యలో ఉంది, ఐ-140 మంజూరు కావాలి, అప్పటిదాకా కదిలితే మొదటికి వస్తుంది. మంజూరయ్యాక ఇంకొంత కాలం ఆగి, ఎక్కువ జీతం ఇచ్చిన చోటుకు వెళ్ళిపోయాను. నన్నెవరూ ద్రోహి అనలేదు. అమ్మ పులిహోర చేసింది.

ఏడాదిపాటు కూర్చోబెట్టే పాత నియమం కూడా ఇలాంటిదే. అదున్న రోజుల్లో ఆటగాళ్ళు జట్టును అంటిపెట్టుకుని ఉన్నారని మనం మురిసిపోయిన ప్రేమలో సగం దారి లేకపోవడమే. కోచ్‌లకు అలాంటి అడ్డు ఏనాడూ లేదు. మ్యాట్ రూల్ కూడా టెంపుల్ నుంచి బేలర్‌కు, అక్కడి నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కు మెట్లెక్కుతూ వెళ్ళినవాడే. 2025 అక్టోబరులో అతను చదువుకున్న పెన్ స్టేట్‌లో కోచ్ పదవి ఖాళీ అయినప్పుడు మాకు రెండు వారాలు నిద్ర పట్టలేదు. 2032 దాకా ఉంటానని సంతకం చేశాక ఊపిరి పీల్చుకున్నాం, జీతం పెరిగిన సంగతి చూసీ చూడనట్టు వదిలేశాం. అదే పని పందొమ్మిదేళ్ళ కుర్రాడు చేస్తే మనకు విలువలు గుర్తుకొస్తాయి.

కనుక నిలిచినవాళ్ళ పట్టిక అని నేను పైన రాసిన మాటను కొంచెం సవరించుకోవాలి. పోవడానికి దారి ఉండి కూడా నిలిచినవాళ్ళ పట్టిక అనాలి. ఈ దృష్టితో చూస్తే పోర్టల్ వచ్చి ఆటను పాడుచేసిందన్న ఏడుపు నాకు తగ్గింది. తలుపు మూసి ఉన్నప్పుడు లోపలున్న వాళ్ళెవరు ఇష్టంతో ఉన్నారో తెలిసేది కాదు, ఇప్పుడు తెలుస్తోంది. డబ్బు కోసమే ఉన్నారని అనేవాళ్ళు ఉన్నారు, ఉండొచ్చు. 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాలే తమ క్రీడాకారులకు డబ్బు పంచవచ్చు; మొదటి ఏడాదికి పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆ డబ్బులో ఎంత భాగం కొత్తవాళ్ళను తేవడానికి, ఎంత భాగం ఉన్నవాళ్ళను నిలుపుకోవడానికి ఖర్చవుతోందో చూస్తే ఆ జట్టుకు తన పిల్లల మీద ఎంత నమ్మకముందో తెలిసిపోతుంది. మూడేళ్ళు తిండి పెట్టి, బరువులెత్తించి తయారుచేసిన లైన్‌మన్‌కు పక్క జట్టు ఇవ్వజూపినంత ఇవ్వకుండా, ఆ డబ్బు పెట్టి ఇంకా నిగ్గు తేలని ఐదు స్టార్‌ల వాణ్ణి తెచ్చే కోచ్‌ను నేను మెచ్చుకోను. మా ఇంటర్ కాలేజీ కూడా ఆ పనే చేసేది.

పట్టికలో అడుగున

అయితే ఈ కొత్త లెక్కల్లో ఎవరికీ పట్టని పిల్లలు కొందరున్నారు. స్కాలర్‌షిప్ లేకుండా, సొంత డబ్బుతో ఫీజు కట్టుకుని జట్టులో ఉండే వాళ్ళను వాక్-ఆన్‌లు అంటారు. కోచ్ టామ్ ఆస్బోర్న్ పాతికేళ్ళలో 255 ఆటలు గెలిచి, మూడుసార్లు జాతీయ ఛాంపియన్ అయిన రోజుల్లో నెబ్రాస్కా బలంలో పెద్ద వాటా వీళ్ళదే. నాలుగైదు వందల మంది ఉండే బ్రెయినార్డ్ నుంచి అలా వచ్చిన జోయెల్ మకోవికా ఫుల్‌బ్యాక్‌గా ఎదిగి ఎన్‌ఎఫ్‌ఎల్ దాకా వెళ్ళాడు. అందరూ అలా వెళ్ళరు. ఎక్కువమంది నాలుగైదేళ్ళు సాధనలో పక్క జట్టు వేషం కట్టి, అసలు ఆటగాళ్ళ చేత దెబ్బలు తిని, శనివారం గట్టున నిలబడి చప్పట్లు కొడతారు. మ్యాట్ రూల్ కూడా పెన్ స్టేట్‌లో వాక్-ఆనే.

2010 వసంతంలో నేను టీచింగ్ అసిస్టెంట్‌గా ఉన్న ప్రోగ్రామింగ్ క్లాసులో అలాంటి కుర్రాడొకడు ఉండేవాడు. పశ్చిమ నెబ్రాస్కాలో గోధుమ పండించే పల్లె. నా ఆఫీసు వేళల్లో వచ్చి కూర్చుంటే కుర్చీ కనపడేది కాదు. పొద్దున్నే ఐదున్నరకు బరువులెత్తి, తడి జుట్టుతో వచ్చి, ఫర్ లూప్‌లో ఒకటి ఎక్కువ తిరుగుతోందని తల పట్టుకునేవాడు. కుడి చేతి రెండు వేళ్ళు కలిపి కట్టిన టేపుతో కీబోర్డు కొట్టడం అతనికి కష్టంగా ఉండేది. గడువు పొడిగించమని ఒక్కసారే అడిగాడు. జట్టుతో ప్రయాణం ఉందా అని అడిగితే, నన్ను ప్రయాణానికి తీసుకెళ్ళరండీ, మా ఊళ్ళో పశువులు ఈనే రోజులు, శనాదివారాలు నాన్నకు సాయం వెళ్ళాలి అన్నాడు. ఇక్కడి కంటే చిన్న కాలేజీలో చేరితే స్కాలర్‌షిప్‌తో పాటు రోజూ ఆడే అవకాశం కూడా ఉండేదని ఆ తర్వాత మాటల్లో తెలిసింది. మరి ఎందుకు వెళ్ళలేదని అడిగాను. నా ప్రశ్న అతనికి అర్థం కాలేదనుకుంటాను, కాసేపు నా వైపు చూసి మళ్ళీ లూప్ గురించి అడిగాడు.

ఇప్పుడు జట్టులో 105 మందికి మించి ఉండకూడదని కోర్టు ఒప్పందంతో నియమం వచ్చింది. స్కాలర్‌షిప్‌ల మీద పాత పరిమితి పోయింది, తలల మీద పరిమితి వచ్చింది. అప్పటికే ఉన్నవాళ్ళ కోసం తర్వాత ఒక మినహాయింపు చేర్చారు కానీ, ఇకపై వచ్చే పిల్లలకు ఆ తలుపు సన్నబడింది. పోవడానికి దారి ఉండి, నిలిస్తే పైసా రాకపోయినా నిలిచిన వాళ్ళు అప్పుడూ ఇప్పుడూ వీళ్ళే. నా పట్టిక మొదలవ్వాల్సింది వీళ్ళతో. 105 దగ్గర గీత గీసినప్పుడు మొదట పోయేది వీళ్ళ పేర్లే. రయోలా వెళ్ళిపోయిన రోజున మా రాష్ట్రమంతా మాట్లాడింది. ఈ నియమం వచ్చిన రోజున నేను కూడా దాన్ని మొబైల్లో రెండు లైన్లు చదివి, ఐదు స్టార్‌ల వార్త ఏదైనా ఉందేమోనని కిందికి జరిపాను.

ఆ కుర్రాడిని చివరిసారి చూసింది 2012లో, ఆఖరి హోమ్ మ్యాచ్ రోజున. సీనియర్లను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తారు, తల్లిదండ్రులు మైదానంలో ఎదురుచూస్తుంటారు. అతని నాన్న విత్తనాల కంపెనీ టోపీ పెట్టుకుని నిలబడ్డాడు, కొడుకు వచ్చి కౌగిలించుకున్నప్పుడు ఆ టోపీ కింద పడింది. నేను ఇరవయ్యో వరసలో లేచి నిలబడి, గొంతు పోయేలా అరిచాను.

ఈ సంగతంతా మా అబ్బాయికి చెప్పాను. జెర్సీ వేసుకోవచ్చు, కానీ వేసుకున్నప్పుడు ఈ అన్నయ్యను కూడా తలుచుకో అన్నాను. వాడు శ్రద్ధగా విని, "ఆ అన్నయ్య నంబరెంత?" అని అడిగాడు. రయోలాది 15, సూ నంబరు 93, మకోవికాది కూడా చెప్పగలను. ఆ కుర్రాడి నంబరు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. వాక్-ఆన్‌లకు చాలాసార్లు ఒకే అంకె ఇద్దరికి ఇస్తారని మాత్రం చెప్పగలిగాను.